ముందు పాదాలు

గరికిన దానమ్మ ఎవరి బొమ్మ మొదలుపెట్టినా
ముందు పాదాలు.
"మొకం అబద్దమాడతాది బాబూ,
మడమకి రాదు" అనేది.

నాకప్పుడు పదకొండేళ్ళు.
నిచ్చెన పట్టుకోవడం నా ఉద్యోగం,
జీతం రోజుకి రెండ్రూపాయలూ ఒక పకోడీ పొట్లం.
చెంగలరావుపేట ఐసు ఫ్యాక్టరీ గోడ కింద
పైనుంచి రాలే నీలం చుక్కల్ని
చొక్కా మీద పట్టుకునేవాణ్ణి.
మా అమ్మ ఎన్ని ఉతుకులు ఉతికినా
ఆ చొక్కాలోంచి సముద్రం పోలేదు.

ఆమె పని పడవల దగ్గర మొదలైంది.
కాపరానికొచ్చిన ఏడాది, మామ కొత్త పడవకి
కళ్ళు పెట్టాల్సిన పెయింటరు తాగి పడుకుంటే
కాటుక వేలితో తనే పెట్టేసింది.
ఆ ఏడు కోనాం వల తెగేంత పడింది.
ఇంక రేవులో ఏ పడవైనా
దానమ్మ చూపుతోనే నీళ్ళలోకి దిగాలి.

తర్వాత గోడలు.
ఎవరూ గియ్యమనని గోడలు.
సున్నం, నీలిమందు, జేగురు,
షిప్‌యార్డు తుక్కులో దొరికిన ఎర్ర ప్రైమరు.

ఐసు ఫ్యాక్టరీది వట్టి ఇటుక గోడ, నూట నలభై అడుగులు.
కిరండూల్ పాసింజర్ దిగి అల్లం గంపతో కొర్ర సొంబారి వచ్చింది,
కాలివేళ్ళ మధ్య కొండమట్టి ఆరకుండానే గోడెక్కింది.
జ్ఞానాపురంలో పియానో నేర్పే డొరొతీ టీచరుకి
కుడి చెప్పు మడమ అరిగినట్టు గీసింది.
టీచరు బొమ్మ చూసి,
వంగి తన చెప్పు చూసుకుంది.
బర్మా క్యాంపులో కౌసే అమ్మే కమలమ్మ అడిగింది:
"అయితే నేను ఈ ఊరిదాన్నేనా?"
దానమ్మ జవాబు చెప్పలేదు.
కమలమ్మ పొయ్యి కింద మంట ఇంకాస్త పెంచింది.

కోటవీధి జరీ జిలానీకీ
పూర్ణా మార్కెట్టు హమాలీ బోనెల లక్ష్మణకీ
ఏదో పాత బాకీ మీద మాటల్లేవు.
"ఆడి పక్కనే దొరికిందేటి నాకు చోటు?"
"అయితే దిగిపోండి ఇద్దరూ."
ఇద్దరూ దిగలేదు.

ఒకసారి పెద్దాఫీసరు కారు దిగి
నల్లకళ్ళద్దాలు తీసి అడిగాడు:
ఇంతమందిలో దేవుడెవరమ్మా?
"ఎక్కడో ఉంటాడు బాబూ,
బస్సు దొరికుండదు."

హుద్‌హుద్ ఒక్క పూటలో
గోడని నడుం దాకా కూల్చేసింది.
మూడోరోజు, కరెంటు లేదు, పాలు లేవు,
ఇళ్ళ మీద రేకులు లేవు,
అయినా జనం గోడ దగ్గరికే వచ్చారు.
ఇది నా మోకాలు, ఇది మా అత్త ముక్కుపుడక,
ఈ ఇటుక నాది, కాదు నాది.
తాపీమేస్త్రీకి బొమ్మలతో పనేముంది,
చేతికందిన ఇటుక చేతికందిన చోట పెట్టాడు.
జిలానీ నడుం మీద లక్ష్మణ బస్తా.
డొరొతీ టీచరు మెడ మీద సొంబారి గంప.
కమలమ్మ నవ్వు ఎవరి పెదాల మీదో.

రంగులు కలపనా అన్నాను.
చాలాసేపు చూసింది.
"ఉండనీ. ఇప్పుడు కుదిరింది."

కింది వరస మాత్రం కదల్లేదు.
పాదాలన్నీ ఎక్కడివక్కడే.

చిన్నప్పుడు అలిగాను,
ఊరందర్నీ గీసావు నన్ను గియ్యలేదని.
నవ్వి ఊరుకుంది.
మొన్న పోర్టాఫీసు నుంచి ఇంటికెళ్తూ
బండి ఆపి, గోడ చివర గడ్డి పక్కకి తోసి చూశాను.
నిచ్చెన కాళ్ళ దగ్గర
నీలం చుక్కలు పడ్డ రెండు చిన్న పాదాలు.
పైన వట్టి ఇటుక.

ఆమె చెయ్యి ఇప్పుడు వణుకుతోంది.
నా ముఖం ఇంకా రాలేదు.